మెర్జ్‌లో గొడవ రాలేదు, బూట్ అయ్యాక లాక్‌డెప్ వార్నింగ్: కెర్నెల్ లాకింగ్ కోడ్‌లో కాన్‌ఫ్లిక్ట్‌లు మీరెలా తేలుస్తారు?

కృష్ణాతీరం:

అందరికీ నమస్తే. మా ప్రొడక్ట్‌లోని లినక్స్ కెర్నెల్‌ని 6.1 నుంచి 6.12కి తీసుకెళ్తున్నాం, రెండూ ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి సపోర్ట్ ఉండే) వెర్షన్లే. మెయిన్‌లైన్ (అందరికీ ఉమ్మడి అసలు కెర్నెల్) మీద మా సొంత ప్యాచ్‌లు చాలానే ఉన్నాయి, వాటిలో సగానికి పైగా ఒకే సెన్సర్ డ్రైవర్ మీద. ఆ డ్రైవర్ అప్‌స్ట్రీమ్‌లోనూ (అంటే ఆ మెయిన్‌లైన్‌లోనూ) ఉంది, ఈ రెండు వెర్షన్ల మధ్య వాళ్లూ దాన్ని బాగా కదిలించారు. ముఖ్యంగా లాకింగ్ పద్ధతే మార్చేశారు. ఇదివరకు ఫంక్షన్ పైన మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి రానిచ్చే లాక్) లాక్, కింద ఔట్ అనే లేబుల్ దగ్గర అన్‌లాక్ ఉండేవి. ఇప్పుడు చాలా ఫంక్షన్లలో మొదట్లో గార్డ్ అని ఒక్క లైన్ పెట్టి, కింద అన్‌లాక్‌లన్నీ తీసేశారు.

గిట్‌తో రెండు వైపుల కోడ్ కలిపి మెర్జ్ చేస్తే ఆ ఫైల్లో కొన్ని చోట్ల కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులూ ఒకే చోట తగలడం) వచ్చింది. కూర్చుని ఒక్కొక్కటే చూసి తేల్చాం. బిల్డ్ అయింది, ఒక్క వార్నింగ్ లేదు, బోర్డు బూట్ అయింది, సెన్సర్ డేటా వస్తోంది. అయితే డివైస్ సస్పెండ్ అవుతున్న టైంలో ఏదైనా ప్రాసెస్ డేటా చదివితే మాత్రం లాగ్‌లో లాక్‌డెప్ (నడుస్తుండగా లాక్ తప్పులు పట్టుకునే కెర్నెల్ సాధనం) నుంచి "వార్నింగ్: బ్యాడ్ అన్‌లాక్ బ్యాలెన్స్ డిటెక్టెడ్!" అని పడుతోంది, దాని కింద ప్రాసెస్ పేరు, మా డ్రైవర్ లాక్ పేరు, ఆఖర్న "బట్ దేర్ ఆర్ నో మోర్ లాక్స్ టు రిలీజ్!" అని.

అర్థం కానిది ఏంటంటే, ఆ ఫంక్షన్‌లో అసలు కాన్‌ఫ్లిక్టే రాలేదు, గిట్ తనంతట తానే కలిపేసింది. అది ఫిఫో (సెన్సర్ డేటా వరసగా నిలిచే క్యూ) నుంచి శాంపిల్స్ చదివే ఫంక్షన్, బాగా పొడుగ్గా ఉంటుంది. దాని మధ్యలో మా వాళ్లు ఎప్పుడో ఒక చెక్ పెట్టుకున్నారు: డివైస్ సస్పెండ్ అయి ఉంటే లాక్ వదిలేసి, ఈఎగైన్ (మళ్లీ ప్రయత్నించు అనే ఎర్రర్) ఇచ్చి వెనక్కి వెళ్లిపో అని. మా బ్రాంచ్‌లో ఏళ్ల తరబడి నడిచిన కోడే అది.

ఇంకో సంగతి కూడా ఉంది. మా ప్యాచ్‌లలో కాలిబ్రేషన్ డేటా కోసం రెండో మ్యూటెక్స్ ఒకటి ఉంది, అప్‌స్ట్రీమ్‌లో అది లేదు. కాన్‌ఫ్లిక్ట్‌లు వచ్చినవన్నీ దాని చుట్టుపక్కలే.

కాన్‌ఫ్లిక్ట్ చూపించిన చోట ఏదో ఒకటి ఆలోచించి చేస్తాం, గిట్ నోరు మెదపకుండా కలిపేసిన చోట్ల సరిగ్గా కలిసిందో లేదో ఎలా తెలుసుకుంటారు? మీరు వాడే పద్ధతి చెప్పండి. డెడ్‌లైన్ టెన్షన్ ఉన్న మాట నిజమే, కానీ ఇది ఫీల్డ్‌లోకి వెళ్లి ఏళ్ల పాటు ఆగకుండా నడవాల్సిన బాక్స్, తూతూమంత్రంగా చేసి పంపడం నాకు ఇష్టం లేదు.

ఓరుగల్లు_కోడర్:

మీరు చెప్పినదాన్ని బట్టి విషయం స్పష్టంగానే ఉంది. గిట్ మూడు వెర్షన్లు చూస్తుంది: ఇద్దరూ విడిపోయిన చోటి పాత ఫైలు, మీ ఫైలు, వాళ్ల ఫైలు. ఒకరు మార్చిన లైన్లకి ఇంకొకరు మార్చిన లైన్లు తగలకపోతే రెండు మార్పులూ పెట్టేసి ముందుకెళ్తుంది. అప్‌స్ట్రీమ్ వాళ్లు ఫంక్షన్ మొదట్లో లాక్ లైన్‌ని గార్డ్‌గా మార్చారు, చివర్లో అన్‌లాక్ తీసేశారు. మీ చెక్ నడుమ ఉంది. ఫంక్షన్ పొడుగ్గా ఉంది కాబట్టి మధ్యలో ఎవరూ ముట్టుకోని లైన్లు బోలెడు, అందుకే గిట్‌కి గొడవేమీ కనబడలేదు.

ఇప్పుడు కలిసిన ఫంక్షన్ చదవండి. గార్డ్ అనేది 6.5లో వచ్చిన క్లీనప్ హెడర్‌లోది. స్కోప్ దాటి బయటికి వెళ్లేటప్పుడు, ఏ రిటర్న్ ద్వారా వెళ్లినా సరే, లాక్‌ని అదే వదులుతుంది. మీ చెక్ దానికి ముందే చేత్తో వదులుతోంది, ఆ తర్వాత రిటర్న్ దగ్గర గార్డ్ మళ్లీ వదులుతోంది. మీ మార్పు మీ కోడ్‌లో కరెక్టు, వాళ్ల మార్పు వాళ్ల కోడ్‌లో కరెక్టు, ఒకే కూరలో ఇద్దరూ ఎవరికి వారు ఉప్పు వేసినట్టు అయింది. ఆ చెక్‌లో అన్‌లాక్ లైన్ తీసేస్తే ఈ వార్నింగ్ పోతుంది.

లాక్‌డెప్ ఆన్ చేసి ఉండబట్టి దొరికింది, అదే ప్రొడక్షన్ కాన్ఫిగ్‌లో ఏమయ్యేదో చెప్తాను, ఇది అందరూ తెలుసుకోవాలి. మీ చేతి అన్‌లాక్‌కి, గార్డ్ అన్‌లాక్‌కి మధ్య చిన్న సందు ఉంది. ఆ సందులో ఇంకో థ్రెడ్ వచ్చి ఆ మ్యూటెక్స్ పట్టుకుందనుకోండి. అప్పుడు గార్డ్ చేసే రెండో అన్‌లాక్ ఆ కొత్త థ్రెడ్ పట్టుకున్న లాక్‌ని ఊడగొడుతుంది. లాక్ ఓనర్ నువ్వేనా అని అడిగే చెక్ డీబగ్ మ్యూటెక్సెస్ ఆప్షన్ ఉంటేనే పనిచేస్తుంది, లేకపోతే ఓనర్ ఫీల్డ్ చెరిపేసి వెళ్లిపోవడమే. ఆ వెంటనే మూడో థ్రెడ్ లోపలికి వస్తుంది. ఇద్దరు ఒకేసారి ఫిఫో చదువుతుంటారు, డేటా పాడవుతుంది, క్రాష్ ఇంకెక్కడో ఇంకెప్పుడో వస్తుంది, దాన్ని ఈ లైన్ దాకా వెనక్కి పట్టుకుని రావడం ఎవరి తరమూ కాదు.

దీనికి అవతలి వైపు కూడా ఉంది, అదీ వెతకండి. మీరు కాన్‌ఫ్లిక్ట్ తేల్చేటప్పుడు ఏ ఫంక్షన్‌లోనైనా మీ పాత లాక్, అన్‌లాక్ జతనే ఉంచుకుని ఉంటే, అప్‌స్ట్రీమ్ వాళ్లు ఆ ఫంక్షన్ మధ్యలో కొత్తగా పెట్టిన రిటర్న్‌లు గార్డ్ ఉందన్న నమ్మకంతో ఉత్త రిటర్న్‌లుగా ఉంటాయి. ఆ దారిలో వెళ్తే లాక్ వదిలేవాళ్లే ఉండరు. లాక్‌డెప్ ఉంటే "లాక్ హెల్డ్ వెన్ రిటర్నింగ్ టు యూజర్ స్పేస్" అంటుంది, లేకపోతే తర్వాత వచ్చినవాడు అక్కడే నిలబడిపోయి 120 సెకన్ల తర్వాత హంగ్ టాస్క్ మెసేజ్ పడుతుంది.

ఇక పద్ధతి. నేను కాన్‌ఫ్లిక్ట్‌ల దగ్గర మొదలుపెట్టను. ముందు మెర్జ్ బేస్ (ఇద్దరూ విడిపోయిన చోటు) నుంచి అప్‌స్ట్రీమ్‌కి ఆ ఫైలు డిఫ్ (తేడా) తీస్తాను, తర్వాత బేస్ నుంచి మన బ్రాంచ్‌కి తీస్తాను, రెండిటికీ పెద్ద డబ్ల్యూ ఆప్షన్ ఇస్తే మారిన ఫంక్షన్ మొత్తం కనబడుతుంది. రెండు డిఫ్‌లలోనూ ఉన్న ఫంక్షన్ల పేర్లు కాగితం మీద రాసుకుంటాను. ఆ లిస్టే నా పని, అందులో కాన్‌ఫ్లిక్ట్ వచ్చినవెన్ని, రానివెన్ని అన్నది నాకు ముఖ్యం కాదు. ప్రతి ఫంక్షన్‌కి కలిసిన వెర్షన్ పైనుంచి కిందికి చదువుతూ, ప్రతి రిటర్న్ దగ్గరా, ప్రతి గోటూ దగ్గరా ఆగి, ఇక్కడ చేతిలో ఏ లాక్‌లు ఉన్నాయి, వాటిని ఎవరు వదులుతారు అని పక్కన రాసుకుంటాను. లాకింగ్ కోడ్‌లో లైన్‌కి విడిగా అర్థం ఉండదు, లాక్ పట్టిన చోటి నుంచి వదిలే చోటి దాకా అంతా ఒకే ముక్క. గిట్‌కి ఆ సంగతి తెలియదు, మనకి తెలియాలి.

కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన చోట్ల మాత్రం మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ స్టైల్‌ని జెడ్‌డిఫ్3గా పెట్టుకోండి, గిట్ 2.35 నుంచి ఉంది, పాత గిట్ అయితే డిఫ్3. మామూలు స్టైల్‌లో మీదీ వాళ్లదీ మాత్రమే కనబడతాయి, ఇందులో మధ్యలో బేస్ కూడా కనబడుతుంది. బేస్ లేకుండా లాకింగ్ కాన్‌ఫ్లిక్ట్ తేల్చడమంటే ఎవరు ఏం తీసేశారో తెలియకుండా తీర్పు చెప్పడమే. ఒక వైపు అన్‌లాక్ ఉండి ఇంకో వైపు లేదంటే, అది ఒకరు కొత్తగా పెట్టిందా, ఇంకొకరు తీసేసిందా? బేస్ చూస్తేనే తెలుస్తుంది. గిట్ లాగ్‌కి మెర్జ్ ఆప్షన్ ఇస్తే కాన్‌ఫ్లిక్ట్ ఫైళ్లని ముట్టుకున్న కమిట్‌లు రెండు వైపులవీ వస్తాయి, వాటి మెసేజ్‌లు చదవండి. అవర్స్, థెయిర్స్ అని ఒక వైపుదే తీసుకునే ఆప్షన్లు ఈ ఫైళ్ల మీద అస్సలు వాడొద్దు.

రాత్రిషిఫ్ట్:

పైన చెప్పినదంతా నిజం. టెస్టింగ్ వైపు నుంచి కొన్ని కలుపుతాను, ఎందుకంటే చదవడం ఎంత బాగా చదివినా కళ్లు తప్పిపోయేవి ఉంటాయి.

లాక్‌డెప్ 2006లో 2.6.18తో వచ్చింది, అప్పటి నుంచి ఎంతమందిని కాపాడిందో లెక్కలేదు, కానీ దాని గురించి రెండు సంగతులు చాలామంది పట్టించుకోరు. ఒకటి, అది నడిచిన దారులని మాత్రమే చూస్తుంది. మీ సస్పెండ్ చెక్ ఎవరైనా సస్పెండ్ టైంలో చదివితేనే నడుస్తుంది, ఆ టెస్ట్ లేకపోతే మీకు ఈ వార్నింగే వచ్చేది కాదు. కాబట్టి ఓరుగల్లు గారు చెప్పిన లిస్టులో ప్రతి ఫంక్షన్‌కి ప్రతి ఎర్రర్ దారిని బలవంతంగా నడిపించాలి. ఫాల్ట్ ఇంజెక్షన్ (కావాలని ఎర్రర్లు పుట్టించే కెర్నెల్ సదుపాయం) వాడండి, లేదంటే తాత్కాలికంగా ఆ కండిషన్‌ని నిజం చేసి బూట్ చేయండి.

రెండోది ఇంకా ముఖ్యం: మొదటి రిపోర్ట్ ఇవ్వగానే లాక్‌డెప్ తనని తాను ఆపేసుకుంటుంది. ఆ తర్వాత ఎన్ని తప్పులు జరిగినా రీబూట్ దాకా ఒక్క మాట మాట్లాడదు. ప్రాక్ కింద లాక్‌డెప్ స్టాట్స్ అనే ఫైల్లో డీబగ్ లాక్స్ విలువ చూడండి, సున్నా ఉంటే అది పడుకుందని అర్థం. అంటే మీకు ఇప్పుడు కనబడుతున్న ఒక్క వార్నింగ్ వెనకాల ఇంకేం దాక్కుని ఉందో ఇంకా తెలియదు. ఇది సరిచేసి, మళ్లీ బూట్ చేసి, అదే టెస్ట్ మొత్తం మళ్లీ నడపండి. నాకైతే ఆ కాలిబ్రేషన్ మ్యూటెక్స్ మీద అనుమానంగా ఉంది.

ఇంకొకటి, జీసీసీతో పాటు క్లాంగ్ అనే ఇంకో కంపైలర్‌తో కూడా ఒకసారి బిల్డ్ చేయండి. ఫంక్షన్ మధ్యలో గార్డ్ ఉండి, దానికంటే పైన ఉన్న గోటూ ఒకటి దాన్ని దాటుకుని కిందికి దూకితే, జీసీసీ ఏమీ అనకుండా బిల్డ్ చేసేస్తుంది, అక్కడ క్లీనప్ చెత్త విలువ మీద నడుస్తుంది. క్లాంగ్ అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. మెర్జ్ అయిన కోడ్‌లో ఇలాంటివి పుట్టడం చాలా తేలిక, ఎందుకంటే గోటూ మీ వైపు నుంచి వస్తుంది, గార్డ్ వాళ్ల వైపు నుంచి వస్తుంది. ఒకే ఫంక్షన్‌లో గోటూ క్లీనప్, గార్డ్ రెండూ కలపొద్దని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. కలిసిన ఫంక్షన్‌లో రెండూ కనబడితే ఆగి, పూర్తిగా ఏదో ఒక పద్ధతికి మార్చేయండి.

కెర్నెల్ సోర్స్‌లో కాక్సినెల్ (కోడ్‌లో నమూనాలు వెతికి మార్చే సాధనం) స్క్రిప్టుల ఫోల్డర్ కింద లాక్స్ అని ఒక సబ్ ఫోల్డర్ ఉంది, కాక్సీచెక్ నడిపితే లాక్ వదలకుండా బయటికి వెళ్లే దారుల్ని పట్టుకుంటుంది. స్మాచ్ అనే కోడ్ చెకర్ కూడా నడపండి. ఇవి కోడ్‌ని నడపకుండానే దారులన్నీ చూస్తాయి కాబట్టి లాక్‌డెప్‌కి అందనివి కొన్ని వీటికి అందుతాయి.

మీ బాక్స్‌లో రియల్ టైమ్ కెర్నెల్ వాడుతున్నారా? 6.12లో ప్రీఎంప్ట్ ఆర్‌టీ మెయిన్‌లైన్‌లోకి వచ్చేసింది కదా, అందుకని అడుగుతున్నాను. వాడుతుంటే ఇంకో రకం మెర్జ్ ప్రమాదం ఉంది. ఇంటరప్ట్ వైపు కోడ్‌లో అప్‌స్ట్రీమ్ వాళ్లు స్పిన్‌లాక్‌ని (మామూలు కెర్నెల్‌లో నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే లాక్‌ని) రా స్పిన్‌లాక్‌గా (ఆర్‌టీలోనూ నిద్రపోని రకంగా) మార్చి ఉంటారు. మీ ప్యాచ్ పాత లాక్ కాల్‌నే వాడుతుంటే పాయింటర్ టైప్ కలవక బిల్డ్ ఆగుతుంది, అది మంచిదే, అప్పటికప్పుడు తెలుస్తుంది. కానీ మీ ప్యాచ్ ఆ లాక్ లోపల కెమాలాక్ (మెమరీ అడిగే కాల్) ఒకటి పిలుస్తోందనుకోండి, జీఎఫ్‌పీ అటామిక్ (నిద్రపోకుండా ఇవ్వు అనే ఫ్లాగ్) ఇచ్చారు కదా అని ధైర్యంగా ఉంటారు. మామూలు కెర్నెల్‌లో అది సరే. ఆర్‌టీలో మామూలు స్పిన్‌లాక్ నిద్రపోయే లాక్, అలొకేటర్ లోపల అలాంటివే వాడతారు, రా స్పిన్‌లాక్ పట్టుకుని అక్కడికి వెళ్లకూడదు. మెర్జ్ క్లీన్, బిల్డ్ క్లీన్, మామూలు కెర్నెల్‌లో టెస్ట్ క్లీన్, ఆర్‌టీలో మాత్రం బోల్తా. ప్రూవ్ రా లాక్ నెస్టింగ్ ఆప్షన్ ఆన్ చేస్తే మామూలు కెర్నెల్‌లోనే ఇది బయటపడుతుంది.

కృష్ణాతీరం:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఆర్‌టీ ప్రస్తుతానికి లేదు, వచ్చే రిలీజ్‌లో అడుగుతున్నారు, ఆ ఆప్షన్ ఇప్పుడే ఆన్ చేసి పెడతాను.

సస్పెండ్ చెక్‌లో అన్‌లాక్ తీసేసి మళ్లీ బూట్ చేస్తే మొదటి వార్నింగ్ పోయింది. రాత్రిషిఫ్ట్ గారు అన్నట్టే దాని వెనక ఇంకొకటి బయటపడింది: "పాజిబుల్ సర్క్యులర్ లాకింగ్ డిపెండెన్సీ డిటెక్టెడ్". తీగ లాగితే డొంకంతా కదిలింది. మా ఇంటరప్ట్ థ్రెడ్ ముందు కాలిబ్రేషన్ లాక్ పట్టుకుని తర్వాత డివైస్ లాక్ పట్టుకుంటుంది. అప్‌స్ట్రీమ్ వాళ్లు కొత్తగా ఒక సిస్‌ఎఫ్ఎస్ ఫైల్ (యూజర్ వైపు నుంచి డ్రైవర్ సెట్టింగ్స్ మార్చే ఫైల్) పెట్టారు, దానికి రాస్తే డివైస్ లాక్ పట్టుకుని రేంజ్ మార్చే ఫంక్షన్‌ని పిలుస్తారు. ఆ ఫంక్షన్ లోపల మా ప్యాచ్ కాలిబ్రేషన్ లాక్ పట్టుకుంటుంది. ఒక దారి కాలిబ్రేషన్ తర్వాత డివైస్, ఇంకో దారి డివైస్ తర్వాత కాలిబ్రేషన్. ఇవి రెండూ వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి, వాటిలో ఒక ఫైల్లో అయితే మా ప్యాచ్ ఒక్కటి కూడా లేదు. ఓరుగల్లు గారి లిస్టులో ఇది పడదు కదా, ఎందుకంటే ఆ సిస్‌ఎఫ్ఎస్ ఫంక్షన్‌ని మేం ముట్టుకోనే లేదు.

ఇంకో సందేహం: మా టీంలో అందరి దగ్గరా గిట్ రీరీర్ (కాన్‌ఫ్లిక్ట్‌కి ఒకసారి ఇచ్చిన జవాబుని గుర్తుపెట్టుకుని మళ్లీ వాడే సదుపాయం) ఆన్‌లో ఉంది. మొదటిసారి మెర్జ్ చేసినప్పుడు ఇచ్చిన జవాబులు అందులో రికార్డ్ అయిపోయాయి, మళ్లీ మెర్జ్ చేస్తే అవే వచ్చేస్తాయా?

మెమరీ_మ్యాప్:

ఆర్డర్ సమస్యకి ఒకటి చెప్తాను. డివైస్ లాక్ అప్‌స్ట్రీమ్‌ది, కాలిబ్రేషన్ లాక్ మీది. ఇలాంటప్పుడు అప్‌స్ట్రీమ్ లాక్ బయట, మీ లాక్ లోపల అనే నియమం పెట్టుకోండి. వాళ్ల కోడ్ మీ ఫంక్షన్‌ని ఏ లాక్‌తో పిలుస్తుందో మీ చేతిలో ఉండదు, ప్రతి వెర్షన్‌కీ కొత్తగా పిలిచేవాళ్లు పుడతారు. మీ లాక్ ఎప్పుడూ అన్నిటికంటే లోపల ఉండి, దాన్ని పట్టుకుని ఉండగా వాళ్ల ఫంక్షన్లేవీ పిలవకపోతే ఆర్డర్ తిరగబడే అవకాశమే ఉండదు. ఇంటరప్ట్ థ్రెడ్‌లో ఆర్డర్ మార్చండి, లేదా కాలిబ్రేషన్ విలువలు ముందే కాపీ చేసుకుని ఆ లాక్ వదిలేసి తర్వాత డివైస్ లాక్ పట్టుకోండి. రెండోదే నాకు ఇష్టం. కాకపోతే ఆ మధ్యలో కాలిబ్రేషన్ మారినా ఫర్వాలేదా అన్నది మీ హార్డ్‌వేర్ తెలిసినవాళ్లు తేల్చాలి. ఫంక్షన్ పైన లాక్‌డెప్ అసర్ట్ హెల్డ్ పెట్టి, డివైస్ లాక్ చేతిలో ఉండాలని కోడ్‌లోనే రాయండి. కామెంట్ మెర్జ్‌లో పోయినా ఎవరికీ తెలియదు, అసర్ట్ అయితే నడిచిన ప్రతిసారీ అడుగుతుంది.

నోరు మెదపని మెర్జ్ గురించి అందరూ నేర్చుకోవాల్సిన కేసు మెమరీ మేనేజ్‌మెంట్‌లో ఉంది. 2020లో 5.8 వచ్చేదాకా ప్రతి ప్రాసెస్ అడ్రస్ స్పేస్‌ని కాపాడే లాక్ పేరు ఎంమ్యాప్ సెమ్. కెర్నెల్ అంతటా వందల చోట్ల దాన్ని నేరుగా డౌన్ రీడ్, డౌన్ రైట్ అని పట్టుకునేవాళ్లు. మిషెల్ లెస్పినాస్ అనే కెర్నెల్ డెవలపర్ ఎంమ్యాప్ రీడ్ లాక్, ఎంమ్యాప్ రైట్ లాక్ అని కొత్త ఫంక్షన్లు పెట్టి, కాక్సినెల్‌తో చాలావరకు మార్చారు. ఇంత పెద్ద మార్పు జరుగుతుంటే వేరే మెయింటెయినర్ల ట్రీల్లో పాత పద్ధతిలో కొత్త కోడ్ వస్తూనే ఉంటుంది కదా, అది టెక్స్ట్‌పరంగా ఎక్కడా తగలదు, గిట్ హాయిగా కలిపేస్తుంది. అందుకే ఆ సిరీస్ చివర్లో ఫీల్డ్ పేరునే ఎంమ్యాప్ లాక్ అని మార్చేశారు. దాంతో పాత పేరు వాడే కోడ్ ఎక్కడి నుంచి మెర్జ్ అయినా బిల్డ్ అక్కడే ఆగుతుంది. ఆ పేరు మార్పు లేకపోతే పాత కోడ్ కొత్త ఫంక్షన్లని పక్కనబెట్టి లాక్‌ని నేరుగా పట్టుకుంటూ ఉండేది, ఎవరికీ తెలిసేది కాదు.

6.3లో వీఎం ఫ్లాగ్స్‌కీ (ప్రాసెస్ మెమరీలో ఒక్కో ముక్క లక్షణాలు చెప్పే ఫీల్డ్‌కీ) అదే చేశారు. ఆ ఫ్లాగ్స్‌ని నేరుగా మార్చకుండా ఫంక్షన్ల ద్వారానే మార్చాలని పెట్టి, ఫీల్డ్‌ని కాన్‌స్ట్ చేసేశారు, నేరుగా రాస్తే కంపైలరే ఒప్పుకోదు. ఆ పునాది మీదే 6.4లో ఒక్కో వీఎంఏకి (ఆ మెమరీ ముక్కకి) విడి లాక్ వచ్చింది. మీ ప్యాచ్‌లలో ఎంమ్యాప్ కాల్‌బ్యాక్ ఏదైనా ఉండి ఫ్లాగ్స్ నేరుగా మారుస్తుంటే ఈ 6.1 నుంచి 6.12 ప్రయాణంలో అది కూడా తగులుతుంది. ఎర్రర్ పోగొట్టడానికి క్యాస్ట్ కొట్టేసి ముందుకెళ్లే వాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు, అది మిమ్మల్ని ఆపడానికే పెట్టిన ఎర్రర్.

మీ కోడ్‌లోనూ ఇదే వాడండి. కాలిబ్రేషన్ లాక్ నియమం మారుస్తున్నారు కాబట్టి దాని పేరు కూడా మార్చండి. మీ వేరే బ్రాంచ్‌లలో పాత ఆర్డర్‌తో రాసిన కోడ్ రేపు మెర్జ్ అయితే బిల్డ్‌లోనే దొరుకుతుంది.

పాత_డీమన్:

నాకు అసలు ఈ మెర్జ్ పద్ధతి మీదే అభ్యంతరం ఉంది. వెండర్ ప్యాచ్‌లని 6.12 మీదకి ఒక్కొక్కటిగా రీబేస్ చేయడం మంచిది. మెర్జ్‌లో రెండేళ్ల మార్పులన్నీ ఒకే కమిట్‌లో మీద పడతాయి, రీబేస్‌లో ప్రతి ప్యాచ్‌ని దాని ఉద్దేశంతో పాటు చూస్తారు. ఆ సస్పెండ్ చెక్ ప్యాచ్ విడిగా మీ ముందుకి వచ్చి ఉంటే అందులో అన్‌లాక్ లైన్ కళ్లకి కట్టినట్టు కనబడేది. రీబేస్ అయ్యాక రేంజ్ డిఫ్ తీస్తే పాత ప్యాచ్‌కీ కొత్త ప్యాచ్‌కీ తేడా చూపిస్తుంది, రివ్యూ చేసేవాళ్లకి అది పెద్ద సాయం.

మెర్జ్ కమిట్‌ని రివ్యూకి పంపితే ఎవరూ చదవరు. గిట్ షోకి రీమెర్జ్ డిఫ్ ఆప్షన్ ఉంది, కానీ అది చూపించేది గిట్ కలిపినదానికీ మీరు కమిట్ చేసినదానికీ ఉన్న తేడా మాత్రమే. గిట్ తనంతట తాను కలిపి, మీరు ముట్టుకోని ఫంక్షన్ అందులో కనబడదు. ఈ థ్రెడ్‌లో అసలు బాధ దాని గురించే కదా.

ఓరుగల్లు_కోడర్:

పాత డీమన్ గారూ, ప్యాచ్‌లు శుభ్రంగా విడివిడిగా ఉంటే మీరన్నదే సరి. చాలా వెండర్ ట్రీల్లో ఒకే ఫంక్షన్‌ని పదిసార్లు ముట్టుకున్న ప్యాచ్‌లు ఉంటాయి, ఒకటి పెట్టినదాన్ని ఇంకొకటి తీస్తుంది. రీబేస్‌లో ఒకే కాన్‌ఫ్లిక్ట్‌ని మళ్లీ మళ్లీ తేల్చాలి, అలసిపోయి తొందరపడేది అక్కడే. పైగా రీబేస్‌లోనూ ప్యాచ్ నిశ్శబ్దంగా అతుక్కునే ప్రమాదం అలాగే ఉంది, ఈ సస్పెండ్ చెక్ ప్యాచ్ కూడా కాన్‌ఫ్లిక్ట్ లేకుండానే అతుక్కునేది, అప్పుడు గిట్ దాని దగ్గర ఆగేదే కాదు. రేంజ్ డిఫ్‌లో మహా అయితే చుట్టూ ఉన్న లైన్లలో తేడా కనబడేది. ముందు ప్యాచ్‌లని కలిపి శుభ్రం చేసుకుని, ఆ తర్వాత రీబేస్ చేస్తానంటే మాత్రం నేను మీ పక్షమే.

అప్‌స్ట్రీమ్‌లో దీన్ని ఎలా చూస్తారో కూడా తెలుసుకుంటే మంచిది. సబ్‌సిస్టమ్ మెయింటెయినర్లు కాన్‌ఫ్లిక్ట్ కనబడింది కదా అని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ట్రీని తమ ట్రీలోకి ముందే మెర్జ్ చేసుకుని పంపితే లైనస్ ఒప్పుకోరు, కాన్‌ఫ్లిక్ట్‌లు తానే తేల్చుకుంటానంటారు, ఎక్కడ ఏది ఎవరితో తగులుతోందో ఆయనకి తెలియాలి. మెయింటెయినర్ టెస్ట్ మెర్జ్ చేసి చూసుకుని, ఎలా తేల్చాలో పుల్ రిక్వెస్ట్‌లో రాస్తారు. వీటిలో చాలావరకు అప్పటికే లినక్స్ నెక్స్ట్‌లో బయటపడి ఉంటాయి. స్టీఫెన్ రాత్‌వెల్ 2008లో మొదలుపెట్టిన ట్రీ అది, అందరి బ్రాంచ్‌లనీ పనిరోజుల్లో రోజూ కలిపి, బిల్డ్ చేసి, ఎవరివి ఎవరితో తగులుతున్నాయో ఇద్దరికీ మెయిల్ పెట్టడం దాని పని. టెక్స్ట్ తగలకుండా అర్థం తగిలిన చోట మెర్జ్‌కి విడిగా ఒక ఫిక్సప్ ప్యాచ్ పట్టుకుని తిరుగుతారు.

కృష్ణాతీరం గారి రీరీర్ ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. రీరీర్‌కి కాన్‌ఫ్లిక్ట్ హంక్‌లు (కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన కోడ్ ముక్కలు) మాత్రమే తెలుసు. సస్పెండ్ చెక్ లాంటి చోట కాన్‌ఫ్లిక్టే రాలేదు కాబట్టి దాని సవరణ రీరీర్‌లోకి ఎక్కదు. రేపు మెర్జ్ పడేసి మళ్లీ చేస్తే ఆ డబుల్ అన్‌లాక్ మళ్లీ వస్తుంది. కాబట్టి అలాంటి సవరణలని ఒక ప్యాచ్ ఫైలుగా విడిగా పెట్టుకుని, మెర్జ్ చేసిన ప్రతిసారీ వేయండి. కాన్‌ఫ్లిక్ట్ వచ్చి, కాలిబ్రేషన్ లాక్ పాత ఆర్డర్‌తో తేల్చిన ఫైళ్లకి అందరి దగ్గరా రీరీర్ ఫర్గెట్ కొట్టించండి, లేకపోతే ఎవరో ఒకరి మెషీన్‌లో ఆ పాత జవాబే మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఫర్గెట్ అనేది ఆ కాన్‌ఫ్లిక్ట్ ఎదురుగా ఉన్నప్పుడు, మెర్జ్ మధ్యలో చేయాల్సిన పని. ఆటో అప్‌డేట్ ఆప్షన్ ఆఫ్‌లోనే ఉంచండి, అప్పుడు రీరీర్ ఫైలుని నింపినా ఇండెక్స్‌లో (కమిట్‌కి సిద్ధం చేసే జాబితాలో) తేలనట్టే ఉంటుంది, మీరు చూసి యాడ్ చేస్తేనే ముందుకెళ్తుంది.

కృష్ణాతీరం:

ఇప్పుడు దారి దొరికింది. మెర్జ్ పడేసి మళ్లీ మొదలుపెడుతున్నాం. ముందుగా 6.1 బ్రాంచ్‌లోనే ఇంటరప్ట్ థ్రెడ్‌లో విలువలు కాపీ చేసుకుని కాలిబ్రేషన్ లాక్ వదిలేలా మార్చి, లాక్ పేరు మార్చి, అక్కడే టెస్ట్ చేస్తాం, ఆ తర్వాతే 6.12తో కలుపుతాం. హార్డ్‌వేర్ వాళ్లని అడిగాను, రెండు శాంపిల్స్ మధ్య కాలిబ్రేషన్ మారినా ఫర్వాలేదన్నారు.

రెండు వైపులా మారిన ఫంక్షన్ల లిస్ట్ తీస్తే కాన్‌ఫ్లిక్ట్ వచ్చినవాటి కంటే రానివే ఎక్కువ ఉన్నాయి. వాటిలో రిజ్యూమ్ ఫంక్షన్ ఒకటి ఇప్పటికే దొరికింది: ఔట్ లేబుల్ దగ్గర మా పవర్ డౌన్ కోడ్ ఉంది, పైన మా గోటూ ఉంది, మధ్యలో వాళ్ల గార్డ్ ఉంది. దాన్ని క్లాంగ్ పట్టుకుంది, జీసీసీ ఊరుకుంది.

రాత్రిషిఫ్ట్:

ఆ రిజ్యూమ్ ఫంక్షన్‌లో పవర్ డౌన్ కోడ్ లాక్ చేతిలో ఉండగా నడవాలా, వదిలాక నడవాలా అన్నది మీ పాత కోడ్‌లో చూసుకోండి. లేబుల్ దగ్గర మీ పాత వరస అన్‌లాక్ తర్వాత పవర్ డౌన్ అయి ఉంటే, గార్డ్ పెట్టాక అది లాక్ లోపలికి వచ్చేస్తుంది. పవర్ డౌన్‌లో రెగ్యులేటర్ కాల్స్ ఉంటే కొత్త లాక్ ఆర్డర్ పుట్టినట్టే. అలాంటప్పుడు ఫంక్షన్ మొత్తానికి గార్డ్ వద్దు, లాక్ కావాల్సిన ముక్కని విడి ఫంక్షన్ చేసి గార్డ్ దాంట్లో పెట్టండి, పవర్ డౌన్ పిలిచే ఫంక్షన్‌లో బయట ఉండనివ్వండి.